వేలంలో ఇల్లు పాడుకునే ముందు ఏ బాకీలు చూడాలి?

ప్రశ్న: ఆత్మకూరులో మా వీధి ఇల్లొకటి బ్యాంకు వేలానికి వచ్చింది. పేపరు ప్రకటనలో బాకీ 31 లక్షలు, ఆపైన వడ్డీ, ఖర్చులు అని వేశారు. రిజర్వు ధర 19 లక్షలే. ఆ ధరకు పాడుకుంటే మిగతా 12 లక్షలు నా నెత్తిన పడతాయా? ఆ ఇంటిమీద మొత్తం అప్పు ఎంతుందో ఎక్కడ తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: పడవండీ. ఆ 31 లక్షలు ఇంటాయన బ్యాంకుకు ఉన్న బాకీ. పాట సొమ్ము జమ చేసుకున్నాక ఇంకా మిగిలితే బ్యాంకు ఆయన దగ్గరే వసూలు చేసుకోవాలి. మీరు పాడిన మొత్తం కట్టి సేల్ సర్టిఫికెట్ తీసుకున్నారంటే ఆ అప్పుతో మీకు పని లేదు. మీరు వెతకాల్సింది ఆ ప్రకటనలో కనిపించని బాకీల కోసం.

బ్యాంకులు తాకట్టు ఆస్తిని అమ్మి బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం కింది 2002 నాటి నిబంధనల ప్రకారం, ఆస్తిమీద తనకు తెలిసిన బాధ్యతలన్నీ బ్యాంకు అమ్మకపు నోటీసులో చెప్పాలి. తనకు తెలియనివాటిని చెప్పలేదు కదా. పైగా ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే అమ్ముతున్నామని షరతు పెడుతుంది. అందుకే నోటీసు ఒక్కటీ చదివి పాటకు వెళ్లవద్దు.

ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో అడిగి తీసుకోవాలి. అయితే దస్తావేజులు బ్యాంకులో ఉంచి తెచ్చుకున్న అప్పు, రిజిస్టరు కాకపోతే, ఈసీలో కనపడదు. దానికోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వెతకండి. ఒకే ఇంటిమీద ఇద్దరు అప్పిచ్చి ఉంటే అక్కడ బయటపడుతుంది. ఊళ్లో నోట్లు రాసి తెచ్చిన అప్పులు ఇంటికి అంటుకోవు. కానీ నోటు పట్టుకుని ఎవరైనా కోర్టుకెక్కి ఆ ఇంటిని జప్తు చేయించి ఉంటే చిక్కే. ఇంటాయన పేరుతో దావాలేమైనా ఉన్నాయేమో స్థానిక కోర్టుల్లో ఒక వకీలు చేత చూపించండి.

తర్వాత మునిసిపాలిటీలో ఇంటిపన్ను, నీటిపన్ను బకాయిలు అడగండి. చాలామంది తేలిగ్గా తీసుకునేది కరెంటు బిల్లు. వేలంలో కొన్నవారికి పాత యజమాని కరెంటు బకాయితో సంబంధం లేదనుకుంటారు. తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థకూ శ్రీగ్ధా బెవరేజెస్‌కూ నడిచిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ బకాయి కొన్నవారే కట్టాలంది. అక్కడ వేలం షరతుల్లోనే ఆ మాట ఉంది. పాత బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టవచ్చని 2023లో కేరళ కేసులోనూ చెప్పింది. కాబట్టి మీటరు మీది సర్వీసు నంబరు రాసుకుని కరెంటాఫీసులో బకాయి ఎంతో కనుక్కోండి. మూతపడ్డ మిల్లో, షెడ్డో అయితే అది లక్షల్లో ఉండొచ్చు.

ఇవన్నీ చూశాక బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసరుకు ఉత్తరం రాయండి. మీకు తెలిసిన బాకీలేమిటి, రుణ వసూలు ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీలో కేసుందా, ఇల్లు నిజంగా మీ స్వాధీనంలో ఉందా లేక తలుపుకు నోటీసు అంటించారా, లోపల ఎవరుంటున్నారు అని అడగండి. జవాబు రాతలోనే తీసుకోండి. కాగితం మీద స్వాధీనం చూపించిన ఇంట్లో కాపురాలు ఉంటే వాళ్లను ఖాళీ చేయించడానికే ఏళ్లు పట్టొచ్చు.

ప్రశ్న: ఉదయగిరి దగ్గర మూడెకరాల మెట్టపొలం వేలానికి వచ్చింది. ఇంటికి చూసినట్టే చూస్తే చాలా?
- ఒక రైతు, ఉదయగిరి

జవాబు: చాలదు. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు (సెక్షన్ 31). ఏ చట్టం కింద అమ్ముతున్నారో ముందు అడగండి. కోర్టు డిక్రీ మీదో, డీఆర్‌టీ ఉత్తర్వు మీదో అమ్మితే దారి వేరు. రికార్డులో పొలమని ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా సాగులో ఉందని అప్పు తీసుకున్నవారే చూపాలని 2023లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్ఫేసీ కిందే అమ్ముతుంటే స్వయంగా వెళ్లి చేను చూడండి. పైరో, దుక్కో కనిపిస్తే ఆ వేలం కోర్టులో నిలవకపోవచ్చు, దూరంగా ఉండండి. ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టా భూమా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా అన్నది తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోండి. మీభూమి వెబ్‌సైటులో 1బీ, అడంగల్ చూసుకోండి.

ప్రశ్న: పాట మాకే వచ్చింది, నాలుగో వంతు కట్టాం. ఇప్పుడు ఇంటాయన అప్పంతా తీర్చేస్తానంటున్నాడు. మా పాట పోతుందా?
- ఒక సోదరి, ఆత్మకూరు

జవాబు: అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. 2016 సవరణ తర్వాత చట్టం అదే చెబుతోంది, బాఫ్నా మోటార్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. వేలం పద్ధతి తప్పని ఆయన డీఆర్‌టీకి వెళ్లవచ్చు, అందుకు 45 రోజుల గడువుంది. అమ్మా, మీ గడువు అంతకన్నా దగ్గర. అమ్మకం ఖాయమైన 15 రోజుల్లో మిగతా సొమ్ము కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప గడువు పెరగదు. కట్టలేకపోతే కట్టింది తిరిగి రాదు. లోన్ మంజూరు కాగితం చేతిలో పడకుండా ఎవరూ పాటలో చేయెత్తవద్దు.