ఇంటి పక్కన భారీ నిర్మాణం: పౌరులకు తెలిసే దారులు

ప్రశ్న: నివాసాల నడుమ భారీ భవన సముదాయం కడుతూ ప్రజాభిప్రాయ సేకరణ జరపకపోవడం చట్టసమ్మతమేనా?

జవాబు: చాలావరకు చట్టసమ్మతమే. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు పైబడిన భవనాలకు పర్యావరణ అనుమతి, అంటే పని మొదలుపెట్టక ముందే పొందవలసిన ప్రభుత్వ ఆమోదం, తప్పనిసరి అయినప్పటికీ, సాధారణంగా ఈ తరగతికి బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఉంది. నగరవాసికి అత్యంత సమీపంలో జరిగే మార్పుపైనే అతని మాట వినకపోవడం ఈ చట్టంలోని పెద్ద వెలితి.

విచారణ తప్పనిసరైన గనులు, పెద్ద కర్మాగారాల వంటి వాటి విషయంలో కాలుష్య నియంత్రణ మండలి ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను ప్రకటన ఇచ్చి, కనీసం 30 రోజుల గడువు ఉంచాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం నిబంధన లేదు. కార్యక్రమమంతా వీడియో తీసి, చివర వ్యక్తమైన అభ్యంతరాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి కనుక, హాజరైనవారు తమ మాట అందులో చేరిందో లేదో అక్కడే గమనించుకోవడం మేలు.

భవనాల విషయంలో మిగిలే ఆధారం అనుమతి తరువాతి ప్రకటన. అనుమతి ప్రతిని స్థానిక సంస్థ 30 రోజులు ప్రదర్శించాలి. దానిపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో (తెలుగు రాష్ట్రాలకు చెన్నై ధర్మాసనం) 30 రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ట్రైబ్యునల్ అనుమతించవచ్చు, ఆపైన కాదు.