మా భూమి: ఒక హత్య, ఒక నాటకం

కామారెడ్డిగూడెం ఒక పల్లె. ఇది జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ విసునూరు దొర రామచంద్రారెడ్డి చేతికింద ఉండేవి.

దొర గడి అంటే జనానికి హడల్. ఆయన పొలంలో కూలి లేకుండా పని చేయాలి. దాన్నే వెట్టి అంటారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వంతు వెట్టి వాళ్లకు ఉండేది. ఆడవాళ్లకూ తప్పేది కాదు. చంటిపిల్లను ఇంట్లో వదిలి గడికి పోవాల్సి వచ్చేది.

బందగీ ఎవరు?

షేక్ బందగీ కామారెడ్డిగూడెం రైతు. పేదవాడు. ఆయన భూమి మీద బంధువు ఒకడు కన్నేశాడు. ఆ బంధువు దొర మనిషి. దొర అండ చూసుకుని భూమి గుంజుకోవాలనుకున్నాడు.

"దొరతో మనకెందుకు?" అని ఊరుకునే రోజులవి. బందగీ ఊరుకోలేదు. కోర్టుకు పోయాడు. ఏండ్ల తరబడి తిరిగాడు. చివరికి కేసు గెలిచాడు. భూమి బందగీదే అని కోర్టు చెప్పింది.

కాగితం మీద న్యాయం దొరికింది. కానీ దొర మనుషులు దారి కాచారు. బందగీని చంపేశారు. ఇది 1940 ప్రాంతంలో జరిగింది. జనగామ నుండి సూర్యాపేట పోయే దారిలో బందగీ సమాధి ఉంది. హిందువులు, ముస్లింలు ఇద్దరూ అక్కడ దండం పెట్టుకుంటారు.

హత్య నాటకమైంది

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఇద్దరు రచయితలు. తెలంగాణ రైతుల కష్టాల మీద వాళ్లు 1947లో ఒక నాటకం రాశారు. పేరు 'మా భూమి'. దానికి మూలం బందగీ కథే. ప్రజానాట్యమండలి దళాలు కోస్తా జిల్లాల్లో ఊరూరా దాన్ని ఆడాయి. లక్షల మంది చూశారు.

హత్య ఉన్న నాటకాలు అంతకు ముందూ ఉన్నాయి. వాటిలో దుర్మార్గుడు ఒకడు ఉంటాడు. మంచివాడు చనిపోతాడు. జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. "తలరాత" అనుకుని ఇంటికి పోతారు.

'మా భూమి' చూసిన జనం కూడా ఏడ్చారు. కానీ తలరాత అనుకోలేదు. చంపింది ఎవరు? ఎందుకు చంపారు? దున్నేవాడికి భూమి ఎందుకు దక్కలేదు? ఈ మాటలు ఇంటిదాకా వెంట వచ్చాయి. అందుకే మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది.

ఆ రోజుల్లో చాలా నాటకాల్లో ఆడవేషం మగవాళ్లే కట్టేవారు. స్టేజీ ఎక్కిన ఆడదాన్ని లోకం చులకనగా చూసేది. ప్రజానాట్యమండలిలో మాత్రం ఆడవాళ్లు ముందుకు వచ్చారు. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడింది, నాటకాలు ఆడింది. మోటూరి ఉదయం ఆడవాళ్ల బుర్రకథ దళం నడిపింది.

చంపితే ఆగిందా?

బందగీని చంపితే జనం భయపడతారని దొర అనుకున్నాడు. కొన్నాళ్లు భయపడ్డారు కూడా. తర్వాత ఊళ్లలో ఆంధ్ర మహాసభ సంఘాలు పుట్టాయి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు భూమి చేసింది. ఆ పంటను గుంజుకోవాలని అదే దొర మనుషులను పంపాడు. సంఘం వాళ్లు ఐలమ్మకు అండగా నిలిచారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అప్పటి నుంచి పోరాటం ఊరూరా పాకింది. బందగీ ఒంటరిగా కొట్లాడాడు. తర్వాతివాళ్లు కలిసి కొట్లాడారు. తేడా అక్కడే ఉంది.

'మా భూమి' పేరుతో తర్వాత ఒక సినిమా కూడా వచ్చింది. గౌతం ఘోష్ తీశాడు. కానీ ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. పేరు ఒకటే, కథ వేరు.

కొత్త మాటలు

గడి: దొర ఉండే కోటలాంటి ఇల్లు
వెట్టి: కూలి ఇవ్వకుండా చేయించుకునే పని
కౌలు: మరొకరి భూమిని ఒప్పందం మీద సాగు చేయడం
నిషేధం: చేయకూడదని సర్కారు ఆపడం

మాట్లాడుకోండి

1. బందగీ కోర్టులో గెలిచాడు. అయినా ఎందుకు చనిపోయాడు?
2. ఐలమ్మ పంట ఎలా దక్కింది?
3. నాటకాన్ని చూసి సర్కారు ఎందుకు భయపడింది?
4. మీ ఊళ్లో వెట్టి చేసిన పెద్దవాళ్ల సంగతులు ఎవరికి తెలుసు? అడిగి నాలుగు మాటలు రాయండి.
5. మీ ఇంటి భూమి కాగితం ఎవరి పేరు మీద ఉంది? తీసి చదవండి. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.