సుశ్రుతసంహితలో గర్భావయవోత్పత్తి – ‘ప్రవ్యక్త’ శబ్దవిచారము

గర్భస్థశిశువునకు ఏ యవయవము తొలుత ఏర్పడును? ఈ ప్రశ్న సుశ్రుతసంహిత శారీరస్థానమున మూడవ అధ్యాయమున విచారింపబడినది. ఇంద్రియములకు మూలమగుటచే శిరస్సని శౌనకుడు, బుద్ధిమనస్సులకు స్థానమగుటచే హృదయమని కృతవీర్యుడు, నాభి యని పారాశర్యుడు, కాలుసేతులని మార్కండేయుడు, మధ్యశరీరమని సుభూతిగౌతముడు అభిప్రాయపడిరి. ధన్వంతరి ఈ పక్షములను నిరాకరించి, సర్వావయవములును ఏకకాలముననే సంభవించుననియు, సూక్ష్మములగుటచే తొలుత గోచరింపవనియు సిద్ధాంతీకరించెను. దీనికి మామిడిపండు దృష్టాంతము. పండినపుడు పీచు, కండ, టెంక, జీడి వేర్వేరుగ కనబడును. లేతకాయలో అవి యుండియు తెలియరావు.

ఇక మాసక్రమము. మొదటి మాసమున కలలము, రెండవ మాసమున ఘనము, మూడవ మాసమున కరచరణశిరస్సులకు ఐదు పిండకములు, సూక్ష్మమైన అంగప్రత్యంగ విభాగము. నాల్గవ మాసమున ఆ విభాగము ప్రవ్యక్తమగును. హృదయము ప్రవ్యక్తమగుటచే చేతన అభివ్యక్తమగును. చరకసంహిత మూడవ మాసముననే సర్వేంద్రియములు, సర్వాంగములు యుగపత్తుగ ఏర్పడునని చెప్పుచున్నది. గర్భోపనిషత్తు మాత్రము రెండవ మాసమున శిరస్సు, మూడవ మాసమున పాదప్రదేశము అని క్రమమునే చెప్పినది. కావున ప్రాచీనుల మతము ఒక్కటియే యనరాదు.

ఆధునికుల పరిశీలనలో ఫలదీకరణానంతరము సుమారు 22వ దినమున హృదయస్పందనము ఆరంభమగును. నాల్గవ వారమున చేతుల మొలకలును, కొలది దినములకు కాళ్ల మొలకలును పొడసూపును. ఎనిమిదవ వారాంతమునకు ప్రధానావయవములన్నిటికిని రూపరేఖ లేర్పడును. వైద్యులు కడపటి ఋతుస్రావపు తొలిదినము నుండి లెక్కింతురు గనుక వారి గణనము సుమారు రెండు వారములు అధికముగ నుండును. పోల్చువారు దీనిని మరువరాదు.

అట్లయిన నాల్గవ మాసపు హృదయవచనము మాటయేమి? అచట ‘జాత’ శబ్దము లేదు. ‘ప్ర’, ‘వి’ ఉపసర్గపూర్వకమైన వ్యక్తిశబ్దమే కలదు. మూడవ మాసపు ‘సూక్ష్మ’ శబ్దముతో అన్వయించినచో చెప్పబడినది స్ఫుటత్వమే గాని ఉత్పత్తి కాదని తేలును. ఇంతవరకు శబ్దబలము కలదు. అంతకుమించి యుగపదుత్పత్తి వాదమును ఆధునిక సిద్ధాంతముతో ఏకీకరింపరాదు, కనబడుచున్నది క్రమమే. రెండవ మాసమున పిండాకృతినిబట్టి స్త్రీపుంభేదము చెప్పుటయు నేడు నిలువదు. ఆ భేదమునకు కారణమగు క్రోమోజోములు ఫలదీకరణముననే స్థిరపడును.

పాఠము చెప్పునపుడు ఈ భేదములను దాచిన విద్యార్థికి శాస్త్రముపై గౌరవము పెరుగదు. వైద్యగ్రంథమును తెరచిన నాడు ఉన్న విశ్వాసమును పోవును. ప్రత్యక్షదృష్టము, శాస్త్రదృష్టము రెండును కలసినపుడే జ్ఞానము వృద్ధి పొందునని శారీరస్థానపు ఐదవ అధ్యాయమున సుశ్రుతమే చెప్పుచున్నది. గర్భావక్రాంతి పాఠమునకును అదియే మార్గము.