చెట్టునీడన బండి పెట్టొద్దమ్మీ

పులివెందుల,
ఆదివారం.

చిరంజీవి అమ్మీకి,

నువ్వు బెజవాడలో కొన్న పాత కారులో ముక్క వాసన వస్తాందని, ఎక్కి కూర్చుంటే చాలు దగ్గు తెరలు తెరలుగా వస్తాందని మీ అమ్మ చెప్పింది. దానికి నువ్వు ఏసీ జాలికి సెంటు బుడ్డి తగిలించి, సీట్ల కింద కలరా ఉండలు వేసి, శుక్రవారం సాంబ్రాణి పొగ కూడా పట్టినావంట. కారుకు దిష్టి తగల్లేదు తల్లీ, నీళ్లు తగిలినాయి.

ముందు ఆ ఉండలు తీసి పారెయ్. అద్దాలు మూసిన బండ్లో ఆ ఆవిరి పీల్చడం ఎవరికీ మంచిది కాదు, చిన్నప్పటినుంచి పిల్లికూతలు ఉన్న నీకు అసలే కాదు. చలికాలం రాత్రుళ్లు మీ జేజి నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని వీపు నిమురుతా తెల్లవార్లూ మేలుకుండేది. నువ్వు మర్చిపోయింటావు, మేం మర్చిపోలేదు.

రెండోది, ఆ బండి పూర్వోత్తరాలు చూడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మీ బెజవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు ఎన్ని బండ్లు మునిగినాయో టీవీలో మనమంతా చూసినాం. మన జిల్లాలోనే 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. మునిగిన బండిని కడిగి, తుడిచి, మెరుగుపెట్టి అమ్మేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు, మొదట్లో మట్టి చార ఉందేమో. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో ఒండ్రు చూడు. సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టినాయేమో చూడు. ఇవి కనపడితే అమ్మినోనితో నువ్వు తగాదా పడొద్దు. నాకు ఫోన్ చెయ్, నేనొస్తా.

అవేవీ లేకుంటే అది చాలావరకు వాననీళ్లే. బండి యాడ పెడతాదని మీ అమ్మను అడిగితే, ఆఫీసు ముందర వేపచెట్టు నీడన పెడతాదిలే అనింది. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

ముందు అద్దం కింద, వైపర్లు ఉండేచోట నల్ల జాలి ఉంటాది చూడు. అద్దం మీద పడిన నీళ్లన్నీ దాంట్లోకి దిగి, రెండు పక్కల బెజ్జాల గుండా చక్రాల వెనక నేలమీద పడాల. వేపాకు సన్నగా ఉంటాది, జాలి సందుల్లోంచి దూరిపోతాది. లోపల కుళ్లి, పూత, పుల్లలతో కలిసి బెజ్జానికి బిరడా పడతాది. ఇంక నీళ్లు పోయే దారి లేక, ఏసీకి గాలి పీల్చే దారిలో నుంచి నీ కాళ్ల దగ్గరికి దిగుతాయి. పైన మ్యాటు పొడిగానే ఉంటాది. దాని కింద కార్పెట్టు, కార్పెట్టు కింద మందపాటి పొర వారాల తరబడి తడిసి ఉంటాయి. బూజు పుట్టేది అక్కడ. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే చాలు, మొదలుపెడతాది.

నేను జీపు తోలేటప్పుడు ఈ బాధే లేదు. శ్రావణ శనివారాలు గండి ఆంజనేయస్వామి గుడికి జనాన్ని ఎక్కించుకొని పోతాంటిమి. పైన టార్పాలిన్, కింద రేకుకు బెజ్జాలు. వాన పడినా, టెంకాయ నీళ్లు ఒలికినా, పిల్లోళ్లు వాంతి చేసుకున్నా, ఒక బిందెడు నీళ్లు కొడితే అంతా రోడ్డు మీదికే. తర్వాత ఆ జీపును కొన్నాయన దర్జాగా ఉండాలని బెజ్జాలు మూయించి, మందంగా రెగ్జిను పరిపించినాడు. కొన్నేండ్లకు ఆ రెగ్జిను ఎత్తితే కింద రేకు అప్పడం మాదిరి విరిగింది.

కాబట్టి చెట్టు కింద పెట్టొద్దు. వేప కాదు, కానుగ కాదు, బాదం కూడా వద్దు. పెండ్లికి పోయినా, గుడికి పోయినా ఎండలోనే పెట్టు. సీటు కాలితే ఒక తువ్వాల పర్చుకో. నీడ కోసం అందరూ కొట్లాడుకుంటారు, వాళ్లకు వదిలెయ్. మీ పిన్ని ఈ ముక్క చదివి, బిడ్డ ఎండలో మాడిపోతాదని నన్ను తిడతాంది. సరే, మరీ మిట్టమధ్యాన్నమైతే రేకుల షెడ్డు చూసుకో. చెట్టు మాత్రం వద్దు.

నీళ్లు యాడనుంచి వస్తాండాయో తేల్చుకోవాలంటే నీ స్నేహితురాలిని టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టు. నువ్వు బయట పైపుతో మెల్లగా నీళ్లు వదులు. కిందనుంచి మొదలుపెట్టి పైకి రావాల. ముందే కప్పు మీద పోస్తే అన్నీ తడిసి ఏమీ తెలీదు. తలుపు బీడింగు, డిక్కీ బీడింగు, వెనక లైట్లు, చివరకు ముందు అద్దం. వాన లేని రోజు కూడా ఎడమపక్క ముందు మ్యాటు తడుస్తాంటే అది ఏసీ నీళ్లు. మీ ఊరి ఉక్కకు ఏసీ వేస్తే బండి కింద నీళ్లు కారాల. కారకపోతే గొట్టం మూసుకున్నట్టు. తడి తియ్యగా వాసనొచ్చి జిగటగా ఉంటే రేడియేటర్ కూలెంటు, నేరుగా షెడ్డుకు పో.

నీళ్లు లోపలికొచ్చే దారి మూసినాకనే ఆరబెట్టడం. సీట్లు నువ్వు విప్పొద్దు. వాటి కింద ఎయిర్‌బ్యాగు వైర్లు ఉంటాయి, మెకానిక్కు బ్యాటరీ తీసి విప్పుతాడు. కార్పెట్టు కింది పొరకు బూజు పట్టింటే ఉతకొద్దు, కొత్తది వేయించు. సీట్ల మీది బూజును పొడిగా రుద్దితే గాల్లో లేస్తాది. మాస్కు కట్టుకొని, తలుపులు తెరిచి, సబ్బునీళ్ల గుడ్డతో తుడవాల. బ్లీచింగులో వెనిగర్ గానీ ఇంకేమైనా గానీ కలపొద్దు, విషవాయువు పుడతాది. ఏసీ ఫిల్టరు మార్పించు. ఇదంతా నువ్వు దగ్గరుండి చేయించు గానీ నీ చేతులతో వద్దు. ఆ దుమ్ము నీకు పడదు.

డబ్బులకు ఆలోచించొద్దు. చీనీ కాయలు అమ్మినాక పంపిస్తా. మీ అమ్మకు చెప్పొద్దు. దగ్గు వారంలో తగ్గకపోతే కారు సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పో. అంతవరకు ఆఫీసుకు బస్సులో పో.

ఇట్లు,
మీ చిన్నాయన