వంద మేకలు కాదు, ముందు రెండు

‘చదవకపోతే మేకలు కాసుకుంటావు’ అనే తిట్టు తినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. ఇప్పుడు గాలి మారింది. అదే తల్లిదండ్రులు ఫోన్‌లో వీడియో చూపించి, “మావాడితో మేకల ఫారం పెట్టిద్దామనుకుంటున్నాం సార్, సాఫ్ట్‌వేర్ కంటే నయమట కదా” అని అడుగుతున్నారు. నా దృష్టిలో ఆ తిట్టు ఎంత తప్పో ఈ తొందర కూడా అంతే తప్పు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే నమ్మకం: మేకల పెంపకంలో నేర్చుకోవాల్సిందేమీ లేదని.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పొడవునా కోచింగ్ బోర్డులే. పిల్లవాడికి జంతువులంటే ప్రాణమని తెలియగానే ఇంట్లో వచ్చే మొదటి మాట, ‘అయితే ఎంట్రన్స్ రాయించి వెటర్నరీ డాక్టర్ని చేద్దాం’. రాస్తాడు, ర్యాంకు రాదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరుస్తారు. అదీ కాకపోతే ఇంకో ఏడాది. హాస్టల్‌తో కలిపి లక్షలు పోతాయి. పిల్లవాడేమో రెండేళ్లపాటు ఒక్క పశువునైనా ముట్టుకోకుండా గదిలో మగ్గిపోతాడు. ఇష్టాన్ని చూసి మొదలుపెట్టిన దారిలో ఆ ఇష్టాన్నే చంపేస్తున్నాం. ఇది చూస్తే నాకు కోపం ఆగదు.

వనస్థలిపురం, హయత్‌నగర్ అంచుల్లో పెరడున్న ఇల్లొకటి అనుకుందాం. సరదాగా రెండు ఆడమేకలు తెచ్చారు. మేక చూడి అయిదు నెలలు. బాగా మేపితే రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి. ఒక్కోసారి ఒక పిల్ల, ఒక్కోసారి కవలలు. చనిపోయేవి పోగా, పోతుపిల్లల్ని అమ్మేసి ఆడపిల్లల్ని ఉంచుకుంటే, మూడేళ్లకు చిన్నాపెద్దా కలిపి పదో పన్నెండో ఆడమేకలు తేలతాయి. ఇంతే, ఇంతకు మించి తొందరపెట్టలేం. అయితే ఈ మూడేళ్లలో మేకలతోపాటు ఆ ఇంటి పిల్లల పనితనమూ పెరుగుతుంది. ఈనిన రాత్రి బొడ్డుకు అయోడిన్ రాయడం, గంట లోపే పిల్లకు జున్నుపాలు పట్టించడం, ఎదకు వచ్చిన మేకను గుర్తుపట్టడం అలవాటవుతాయి. కింది కనురెప్పను వేలితో తిప్పి చూస్తారు. లోపల ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోయిందంటే కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయన్నమాట. ఈ చూపు ఏ వారాంతపు శిక్షణలోనూ రాదు.

సరదా వ్యాపారంగా మారేది ఇక్కడి నుంచే. మాంసానికి అమ్మేటప్పుడు కొనేవాడికి బరువు చాలు. బ్రీడింగ్‌కు అమ్మేటప్పుడు వంశం చెప్పాలి. తల్లి ఏది, పోతు ఏది, ఏ తేదీన పుట్టింది, మూడు నెలలకు ఎంత తూగింది, ఏ టీకా ఎప్పుడు వేశారు అన్నీ చెవి పోగు నంబరుతో రిజిస్టర్‌లో ఉండాలి. సొంత కూతుళ్లతోనే కలవకుండా పోతును మారుస్తుండాలి. పుస్తకం రాయని బ్రీడరు దగ్గర ఎంత తక్కువ ధర చెప్పినా మేక కొనకండి. ఇంటర్ చదివిన పిల్లవాడి చదువు అక్కరకొచ్చేది ఆ రిజిస్టర్‌లోనే.

వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్లది తలకిందుల వరుస. ముందు లక్షలు పోసి ఎత్తు షెడ్డు కట్టి, తర్వాత మేకలు, ఆ తర్వాత మేత సంగతి చూస్తారు. వంద మేకలకు రోజుకు దాదాపు నాలుగు క్వింటాళ్ల పచ్చిమేత కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర భూమి ధరకు ఆ గడ్డి గిట్టదు. ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు కౌలుకు నీళ్లున్న భూమి దొరికితేనే ముందుకు వెళ్లాలి. నాలుగు సంతల్లో కొన్నవాటిని ఒకే కొట్టంలో కలిపితే పీపీఆర్ లాంటి అంటురోగం మందను తుడిచిపెట్టేస్తుంది. కొత్తగా తెచ్చిన మేకను కనీసం మూడు వారాలు విడిగా కట్టేయాలి.

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 100 ఆడవి, 5 పోతుల యూనిట్‌కు సగం ఖర్చు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు రాయితీ ఉంది. మంచి పథకమే. కానీ ఆ డబ్బు రెండు విడతల్లో వస్తుంది, ఈలోగా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తరతరాలుగా మందలతో బతికిన గొల్లకురుమలకు తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీతో ఇచ్చిన యూనిట్ 20 గొర్రెలు, ఒక పొట్టేలు మాత్రమే. పలుపు పట్టి ఎరగని ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన 105 మేకల్ని, బ్యాంకు అప్పును పెట్టడం న్యాయమా?

‘పిల్లల్ని మేమే తిరిగి కొంటాం’ అని లక్షల రూపాయలకు బోయర్ జాతి మేకల్ని అంటగట్టేవాళ్లకు దూరంగా ఉండండి. కొనేవాడు, ధర చెప్పేవాడు, అమ్మేవాడు ఒక్కడే అయినచోట మీకు రక్షణ లేదు. మన ఎండకు తట్టుకుని కవలల్ని ఈనే ఉస్మానాబాదీ, మన ఊరి మేకలే మొదలుపెట్టేవాళ్లకు మేలు.

చదువు సంగతికొస్తే, పది పాసైతే పాలీసెట్‌తో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా, ఇంటర్ బైపీసీ తర్వాత అయిదున్నరేళ్ల బీవీఎస్సీ ఉన్నాయి. ప్రవేశ నిబంధనలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. రెండూ రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనివే. ఎంట్రన్స్‌లో వెనకబడిన పిల్లలకు నేను డిప్లొమానే చెబుతాను. పందొమ్మిదేళ్లు నిండేలోపు చేతిలో పని ఉంటుంది. ఉప్పల్ దాటితే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంసాన్ని శుభ్రంగా తయారుచేసి అమ్మే పద్ధతులు అక్కడ నేర్పుతారు. అటువైపు చూసే పిల్లలే తక్కువ.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మూడోసారి లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేముందు, మీ వాడికి రెండు చూడి మేకలు కొనివ్వండి. పెరడు లేకపోతే ఊళ్లో చుట్టాల దొడ్లో కట్టించండి. ఏడాదిపాటు వాటి పని వాడినే చేయనివ్వండి. ఏడాది తర్వాత వాడు ఏం చెబితే అది వినండి.