పక్షిగూటి ఆజ్ఞ

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:6-7



ఈ అధ్యాయమును చదువువారు తప్పిపోయిన ఎద్దు నొద్దను, మేడకు కట్టవలసిన పిట్టగోడ యొద్దను ఆగుదురు గాని, వాటి నడుమనున్న పక్షిగూటిని దాటిపోవుదురు. త్రోవలో గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని, పొదుగుచున్న తల్లిని విడిచిపెట్టవలెనని మోషే ఆజ్ఞాపించెను. తలిదండ్రులను సన్మానించువానికి మేలును దీర్ఘాయువును వాగ్దానము చేయబడినవి గదా (5:16). అదే వాగ్దానము ఈ చిన్న ఆజ్ఞకును జతచేయబడినది.

తల్లిపక్షి యెడల కనికరము నేర్పుటకే ఈ ఆజ్ఞ యని కొందరు వ్యాఖ్యానింతురు. అది నిజమే. అయితే కోళ్లను పెంచు మన తల్లులకు ఇందులో మరియొక సంగతి వెంటనే తెలియును. పొదుగుకోడిని కోసుకొన్న యింట క్రిస్మసు నాటికి కూరకు కోడి యుండదు. దేవుడు ఆకలిగొన్నవానిని తినవద్దనలేదు, జాతిని మిగుల్చుమనెను. నోవహు ఓడలోనికి జతలను చేర్చినదియు ఇందుకొరకే (ఆదికాండము 7:3).

ఈ ఆజ్ఞను మీరినప్పుడు ఏమగునో ఉత్తర అమెరికా చూచెను. అక్కడ ప్యాసింజర్ పావురమను అడవిపక్షి కోట్లకొలదిగా ఉండెను. 1813లో కెంటకీ ప్రాంతమున ప్రయాణము చేయుచుండగా, దాని గుంపులు మూడు దినములు ఎడతెగక తలమీదుగా సాగిపోయెనని ఆడుబాన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఇన్నిటికి అంతమెక్కడిదని జనులు తలంచిరి. రైలుదారులును తంతియు వచ్చిన తరువాత, పావురములు ఏ అడవిలో గూళ్లు కట్టెనో దూరపు వేటగాండ్రకును త్వరలోనే తెలిసెడిది. వారు వలలు పన్నిరి; చెట్లను నరికి పిల్లలను రాల్చుకొనిరి; పీపాలలో నింపి పట్టణములకు పంపిరి. 1878లో మిషిగన్ రాష్ట్రములోని పెటోస్కీ యొద్ద తల్లులను పిల్లలను కలిపి ఆలాగే ఊడ్చుకొనిపోయిరి. ఆ పక్షి గూటిలో పెట్టునది ఒక్క గ్రుడ్డే. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అను కడపటి పావురము చచ్చెను. దానితో ఆ జాతి ముగిసెను.

మారిషస్ దీవిలోని డోడో సంగతి వేరు. ఎగురలేని ఆ పక్షి నేలమీదనే గ్రుడ్డు పెట్టెడిది. 1598లో డచ్చివారు అక్కడ దిగిరి. నావికులు చంపి తిన్నవి కొన్ని. ఓడలలో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గూళ్లలోనే మ్రింగినవి అంతకంటె ఎక్కువ. డోడోను చూచితిమను కడపటి సాక్ష్యము 1662 నాటిదని పలువురి అంగీకారము. పందొమ్మిదవ శతాబ్దములో కోరంగి రేవునుండి మన తెలుగువారు చెరకుతోటల పనికి ఆ దీవి చేరునాటికి ఆ పక్షి లేదు.

మనుష్యుని చేయి సోకకయే నశించిన జాతులును కలవు. హైదరాబాదు బిర్లా మ్యూజియములో నిలిపిన కోటాసారస్ ఎముకలను చూచినవారు ఎరుగుదురు. ఆ లెక్క దేవుని యొద్దనున్నది. మనలను అడుగునది వేరొక లెక్క.

మీలో యేబది యేండ్లు దాటినవారు, ఊరి వెలుపల గొడ్డు చచ్చిన దినమున రాబందులు దిగుట చూచియుందురు. మీకా 1:16లో బోడితలను గూర్చి చెప్పబడినందున, అక్కడి పక్షి రాబందే యని పండితులు కొందరందురు. మన దేశములో తెల్లనడుము రాబందులు 1992 మొదలు 2007 లోపల వెయ్యింటికి ఒకటి చొప్పున మిగిలెను. వాటిని ఎవడును వేటాడలేదు, ఎవడును ద్వేషింపలేదు. పశువు నొప్పితోను జ్వరముతోను బాధపడుచుండగా, జాలిగొని డైక్లోఫినాక్ అను సూదిమందు వేయించితిమి. ఆ పశువు చచ్చినయెడల దాని మాంసము తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి ప్రాణము పోవుచున్నదని 2004లో వెల్లడియాయెను. రాబందు కూడ ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును; దాని పిల్ల పెరిగి తాను గూడు కట్టుటకు ఇంచుమించు అయిదేండ్లు పట్టును.

మన పాఠ్యభాగమును మరల చూడుడి. గూటిని వెదకుచు పోయినవానిని గూర్చి కాదు, తన త్రోవను తాను పోవుచుండగా అది కనబడినవానిని గూర్చి అక్కడ వ్రాయబడెను. సేద్యగాండ్రమైన మనము అట్టి త్రోవనే పోవుచున్నాము.

పశువులకు ఆ మందును ప్రభుత్వము 2006లో నిషేధించెను. మనుష్యుల కొరకైన పెద్ద బుడ్లు పశువులకు చేరుచుండుటచేత, 2015లో 3 మిల్లీలీటర్లకు మించిన బుడ్లను ఆపెను. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫినాక్ మందులను కూడ పశువులకు నిషేధించెను. అప్పటి ఆదిలాబాదు జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్టమీద రాబందులు గూళ్లు కట్టుకొనియుండుట 2013లో కనుగొనబడెను. కాబట్టి ఇంకను ఆశ కలదు.

పశువైద్యుడు గాని గోపాలమిత్ర గాని మీ దొడ్డికి వచ్చినప్పుడు, సీసామీది పేరు చదివించుకొనుడి. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షించి తెలిసికొనిరి, దానినే అడుగుడి. నిషేధింపబడిన మందు వేసిన కొద్ది దినములలో పశువు చచ్చినయెడల, దానిని బయట పడవేయక లోతుగా పాతిపెట్టుడి.