టేపుపై నిలిచిన కంఠధ్వని

మనము పలికిన మాట పుట్టిన మఱుక్షణముననే గాలిలో లీనమగును. అట్టి మాటను పట్టి నిలుపుటకు మానవుడు కనిపెట్టిన సాధనములలో అయస్కాంతపు టేపు ఒకటి. మనలో ననేకుల యిండ్లలో నేటికిని పాత క్యాసెట్టులు కలవు. వానిలో గతించిన పెద్దల మాటలును, పాటలును, ప్రార్థనలును ఉండవచ్చును. టేపు ధ్వని నెట్లు దాచునో, ఎట్లు పోగొట్టుకొనునో తెలిసికొన్నగాని వానిని కాపాడుట సాధ్యము కాదు. కావున ఆ సంగతిని విద్యార్థులకు సులభముగా తెలుపగోరుచున్నాము.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయుడు. కుట్టుసూదిని అయస్కాంతముతో ఒకే వైపునకు పలుమారులు రుద్ది, అయస్కాంతమును దూరముగా తీసివేయుడు. ఆ సూది యిప్పుడు సన్నని ఇనుపరజనును తన కంటించుకొనును. అనగా అయస్కాంతము తొలగినను దాని ప్రభావము ఉక్కునందు నిలిచియున్నది. ఉక్కునకు గల యీ జ్ఞాపకమే టేపు రికార్డింగునకు మూలము.

1898వ సంవత్సరమున డెన్మార్కు దేశస్థుడగు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై ధ్వనిని నిలిపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆ యంత్రము నెదుట ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పలికిన మాటలు నేటికిని భద్రముగా నున్నవి. 1928లో జర్మనీయందు ఫ్రిట్జ్ ఫ్లాయ్మర్ తీగకు బదులుగా కాగితపు పట్టీపై ఇనుపపొడి పూయు పద్ధతికి పేటెంటు పొందెను. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున మాగ్నెటోఫోన్ అను టేపు యంత్రము ప్రజలకు చూపబడెను. తరువాత వచ్చిన టేపులకు పలుచని ప్లాస్టికు పట్టీయు, దానిపై ఇనుపతుప్పు జాతికి చెందిన గోధుమవన్నె పొడియు, ఆ పొడిని అంటిపెట్టు జిగురును ముఖ్యాంగములు.

ఇక యంత్రము పనిచేయు విధము. మాట గాలిని కదలించును. ఆ కదలికను మైక్రోఫోను విద్యుత్ప్రవాహముగా మార్చును. ఆ ప్రవాహము తీగ చుట్టిన చిన్న ఇనుప ఉంగరమున ప్రవహించి దానిని అయస్కాంతముగా చేయును. ఆ ఉంగరమున వెండ్రుకకంటె సన్ననైన సందు ఒకటి కలదు. టేపు ఆ సందును తాకుచు సమవేగముతో సాగుచుండగా, ప్రవాహపు హెచ్చుతగ్గులను బట్టి టేపుమీది పొడియందు అయస్కాంతత్వము ఏర్పడును. క్యాసెట్టు టేపు సెకనునకు 4.76 సెంటీమీటర్లు నడచును. సెకనునకు 1,000 సారులు కంపించు స్వరము పాడినచో, ఒక్కొక్క కంపనమునకు మిల్లీమీటరులో ఇంచుమించు ఇరువదవ వంతు చోటు దక్కును.

కాని ఇందొక చిక్కు గలదు. పొడి మొండిది. మెల్లని ధ్వని కలిగించు కొద్ది బలమునకు అది లొంగదు. బలము తొలగినంతనే మునుపటివలె నగును. మన తల్లులు బియ్యము చెరుగుట చూడుడు. చేటను కొంచెము వంచినంత మాత్రమున బియ్యము కదలవు. వంచి, వ్రేళ్లతో తట్టుచున్నచో ఆ కొద్దిపాటి వంపునకే జారును. అట్లే ధ్వనితోబాటు, సెకనునకు సుమారు 1,00,000 సారులు మాఱు ప్రవాహమునుగూడ పంపినచో పొడి మొండితనము వీడి మెల్లని ధ్వనినిగూడ ఉన్నదున్నట్లు గ్రహించును. మన చెవి 20,000 కంపనములకు మించి వినజాలదు గనుక ఆ తట్టుడు మనకు వినబడదు. ఈ యుపాయమునకు అమెరికాలో కార్ల్సన్, కార్పెంటర్ అనువారు 1927లోనే పేటెంటు పొందిరి. 1940లో జర్మనీయందు వాల్టర్ వెబర్ దానిని మరల కనుగొనిన పిదప టేపుధ్వని మిక్కిలి స్వచ్ఛమయ్యెను.

వినునప్పుడు క్రమము తలక్రిందులగును. 1831లో ఫారడే చూపినట్లు, మాఱు అయస్కాంతత్వము తీగచుట్టయందు విద్యుత్తును పుట్టించును. టేపు సందును దాటుచు అట్టి విద్యుత్తునే పుట్టించును. దానిని పెంచి స్పీకరున కందించినచో వెనుకటి కంఠమే మరల పలుకును.

రికార్డు మీట నొక్కినపుడు టేపు మొదట చెరిపివేయు అయస్కాంతమును దాటి, పిమ్మట వ్రాయు అయస్కాంతమును చేరును. కాబట్టి యెవ్వరును మాటలాడకున్నను, ఆ మీట పొరపాటున నొక్కినంతసేపు పాత ధ్వని చెరిగిపోవును. ఇది అందఱును మఱువరాని సంగతి.

ఏమి చేయవలెను? క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టికు పలకలు కలవు. వానిని విఱిచివేసినచో రికార్డు మీట దిగదు. టేపులను స్పీకర్లకును, ఎండకును, చెమ్మకును దూరముగా నుంచవలెను. బూజు పట్టిన టేపును శుభ్రము చేయక యంత్రమున పెట్టరాదు. ఎంత కాపాడినను జిగురు కాలక్రమమున చెడి, పొడి రాలవచ్చును. అందుచేత ధ్వనిని కంప్యూటరునకు ఎక్కించి రెండు ప్రతులు వేర్వేఱు చోట్ల దాచుట మేలు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తల్లిదండ్రుల యనుమతితో ఇంటనున్న పెట్టెలు వెదకుడు. దొరికిన క్యాసెట్టును తొందరపడి మ్రోగింపక మొదట ఆ పలకలను చూడుడు. అందున్నది ఎవరి స్వరమో పెద్దల నడిగి పేరును, తేదీని వ్రాసిపెట్టుడు. ఆ కంఠమును గుర్తింపగల వారు మనతో నున్నప్పుడే ఈ పని జరుగవలెను.